ఇద్దరికొక పలక

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు ఆళ్లగడ్డ బస్సు నంద్యాలలో కదిలింది. ముందు సీట్లో లెక్చరరు గారు, ఆయన పక్కన నేను కూర్చున్నాం. ఆయన ఒళ్లో గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట ఉంది. దాన్ని సామాన్లతో పాటు పైన వేస్తానని కండక్టరు అడిగాడు. ఆయన ఇవ్వలేదు. దారి పొడవునా రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నారు.

అది 1958, చలికాలం. నల్లరేగడి చేలల్లో జొన్న కంకి పట్టి ఉంది. నేను నంద్యాలలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడిని. లెక్చరరు గారు టీచర్లకు శిక్షణ ఇచ్చే ఒక కాలేజీలో పనిచేసేవారు. కోస్తా మనిషి. ఐరోపాలో రెండు మూడు దేశాల వాళ్లు పదేళ్ల పిల్లలకు ఒకే లెక్కల కాగితం ఇచ్చి, ఏ దేశం పిల్లలకు ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టి చూశారట. ఆ కాగితం ఎవరి ద్వారానో ఆయన చేతికి వచ్చింది. మన పిల్లలకూ అదే ఇచ్చి, వాళ్లు ఆ పిల్లల పక్కన ఎక్కడ నిలబడతారో చూడాలని ఆయన కోరిక. ఒక పట్నం బడి, ఒక చిన్న ఊరి బడి చాలన్నారు. నంద్యాలలో పరీక్ష అప్పటికే అయిపోయింది. రెండో బడిగా నేను మా అక్క బడి చెప్పాను.

ఇన్నేళ్లకు, ఈ ఏడాది అక్క చనిపోయింది. సంతాప సభలో ఆమెను దీపమన్నారు, వటవృక్షమన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. అక్క దీపమూ కాదు, చెట్టూ కాదు. ఎలిమెంటరీ బడి టీచరు. ఆమె చేసిన ఒక్క పని, జరిగింది జరిగినట్టు రాస్తే చాలనిపించింది.

ఆ బడి ఆళ్లగడ్డ ఊరి చివర ఉండేది. నాపరాళ్లు పరిచిన రెండు గదులు, ముందు వసారా. మిషన్ బడి. పిల్లల్లో ఎక్కువమంది మేము పుట్టిన క్రైస్తవుల పేట వాళ్లు. కొందరు రైతుల పిల్లలు, కొందరు రాయి చెక్కే వాళ్ల పిల్లలు. ఉలి చప్పుడు రోజంతా వినిపించేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. బడిలో మొదట నాలుగో తరగతి వరకే ఉండేది. అంతకు ముందు ఏడు అయిదో తరగతికి తాత్కాలికంగా అనుమతి వచ్చింది. అయిదు పాసైన పిల్లలు హైస్కూల్లో ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో చేరవచ్చు. నాలుగుతో ఆగితే ఊళ్లో ఇంకో బడికి పోయి అయిదు చదవాలి. మా పేట పిల్లలు పోయేవారు కాదు. మగపిల్లలు గొడ్ల వెంట, ఆడపిల్లలు పత్తి ఏరడానికి పోయేవారు. అందుకే ఆ ఏడు అక్కకు వేరే ఆలోచన లేదు. అయిదో తరగతి నిలవాలి.

అనుమతి కొనసాగించాలా వద్దా అని పైకి రాయవలసినవాడు బడుల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు. ఆయన అక్కతో అన్న మాట ఆమె నాకు చెప్పింది.

"కాలేజీ ఆయన యాడాడి లెక్కలో తెచ్చి పరీక్ష పెడతాండాడంట గదమ్మా. ఆ మార్కులు నాకు చూపియ్యి. మీ పిల్లోళ్లు సగానికి పైన తెచ్చుకుంటే రాస్తా. లేదంటే నాలుగుతోనే సరిపెట్టుకోండి."

"తెచ్చుకుంటారు సార్," అందట అక్క. ఆమెకు అనుమానం లేదు. నాకూ లేదు. అందుకే ఆ బడి చెప్పాను.

కాగితాన్ని తెలుగు చేసే పని నాది. ఒక లెక్కలో తల్లి రొట్టెను కత్తితో ఎనిమిది సమాన ముక్కలు కోసి పిల్లలకు పంచుతుంది.

"మా వైపు రొట్టె అంటే జొన్నరొట్టె సార్," అన్నాను. "దాన్ని ఎవరూ కొయ్యరు. తుంచుకుంటారు."

"తుంచితే ముక్కలు సమానంగా రావు కదండీ."

"రావు సార్. అమ్మకు చిన్న ముక్క వస్తుంది."

ఆయన నవ్వారు గాని అలా రాయనివ్వలేదు. "ఊరూరికీ మార్చుకుంటూ పోతే అది కొలబద్ద కాదండీ. వస్తువుల పేర్లు మార్చండి. అంకెలు మార్చకండి, చేయవలసిన పని మార్చకండి. అప్పుడే ఆ పిల్లలనూ ఈ పిల్లలనూ ఒకచోట నిలబెట్టి చూడగలం."

నాకు ఆ మాట సబబుగా తోచింది. ఇప్పటికీ తోస్తుంది. మంచు కురిసిన రోజులను వాన కురిసిన రోజులు చేశాను. వాళ్ల డబ్బును నయాపైసలు చేశాను. పిల్లల నోళ్లలో ఇంకా అణాలే ఉన్నాయి గాని, నయాపైసలైతేనే అంకెలు కుదిరాయి. రొట్టె మాత్రం కత్తితో సహా అలాగే ఉండిపోయింది.

మేము బడి చేరేసరికి అక్క అయిదో తరగతి పిల్లలను వసారాలో కూర్చోబెట్టి ఉంది. కాగితం పదేళ్ల పిల్లలకు ఉద్దేశించింది కాబట్టి లెక్చరరు గారు ముందు వయసులు చూడాలన్నారు. అక్క హాజరు పట్టీతో పాటు చేరిక రిజిస్టరు తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక పేజీ చూశారు, ఇంకో పేజీ తిప్పారు.

"ఏమ్మా, మీ బడిలో పిల్లలందరూ జూలై ఒకటో తేదీనే పుట్టారా?"

"ఔను సార్. ఈడ పిల్లోళ్లు ఇండ్లల్లో పుట్టరు. బడిలో చేర్చుకున్ననాడు పుడ్తారు."

వసారా ముందు నుంచి ఒక తల్లి గడ్డిమోపుతో పోతోంది. అక్క ఆమెను ఆపింది. "మే, నీ కొడుకు ఎప్పుడు పుట్టినాడో ఈ సారుకు చెప్పు."

"వాడా? మా ఎనుము సచ్చిపోయిన ఏడు."

"అది ఏ ఏడమ్మా?" అన్నారు లెక్చరరు గారు.

"వాడు పుట్టిన ఏడే సామీ."

పిల్లలు నవ్వారు. లెక్చరరు గారు కూడా నవ్వి, "ఇక పళ్లు చూసి చెప్పుకోవాలేమో," అన్నారు.

"గొడ్లకు చూస్తారు సార్," అంది అక్క. "పిల్లోళ్లకు కొంచెం వేరేగా చూస్తాం."

మా పేట పిల్లల వయసులు చర్చిలో బాప్తిస్మపు పుస్తకం చూసి తేల్చారు. మిగతావాళ్లవి ఎవరు ఎవరికంటే పెద్ద అని పిల్లలనే అడిగి తేల్చారు. ఆయన తన కాగితం మీద 'సుమారు' అని రాసుకున్నారు. ఆ మాట రాయడం ఆయనకు ఇష్టం లేదని ముఖం చూస్తే తెలిసింది.

తరగతి టీచరూ, కాగితాన్ని తర్జుమా చేసినవాడూ పరీక్ష జరిగే గదిలో ఉండకూడదని ఆ దేశాల వాళ్లు పెట్టుకున్న నియమం. దాని ప్రకారం నేను లోపలికి పోయి సూచనలు చదివి బయటికి వచ్చేశాను. ఎవరి కాగితం మీద వాళ్లే రాయాలి. ఎన్ని వస్తే అన్ని చేయాలి. ఎవరినీ ఏమీ అడగకూడదు. పిల్లలను గదిలో దూరం దూరంగా కూర్చోబెట్టి ఉన్నారు. చాలామందికి పెన్సిలు కొత్త. బలపం పట్టినట్టు కొన దగ్గర పట్టుకున్నారు.

అక్క వసారాలో వేరుశనక్కాయలు వలుస్తూ కూర్చుంది. పరీక్ష అయ్యాక పిల్లలకు పెట్టడానికి. నేను పక్కన కూర్చున్నాను.

"నీ తెలుగు వాండ్లకు అర్థమయితాదా రా?"

"అయితాదిలే అక్కా."

"ఏమో. నువ్వు నీళ్లడిగినా పుస్తకంలో అడిగినట్లు అడుగుతావు."

లోపలి నుంచి లెక్చరరు గారి గొంతు వినిపించింది. "ఏయ్, పక్కకు చూడకు." కొంచెం సేపటికి మళ్లీ, "నిన్నే. నీ కాగితం చూసుకో." తర్వాత, "నువ్విటు రా. ఈ మూలకు కూర్చో." అక్క చేతిలో కాయ ఆగిపోయింది.

"మా పిల్లోళ్లు కాపీ కొట్టరే," అంది. లేచి పోబోయింది. నియమం గుర్తొచ్చి కూర్చుంది.

లెక్చరరు గారు బయటికి వచ్చేసరికి అలసిపోయి ఉన్నారు. "పిల్లలు అల్లరి చెయ్యలేదమ్మా. మంచి పిల్లలు. కానీ ఎవరి కళ్లూ వాళ్ల కాగితం మీద లేవు."

అక్క పిల్లల ముందు వలిచిన గింజలు పోసి లోపలికి పోయింది.

నంద్యాలకు తిరిగి వచ్చి రెండు రోజులు కాగితాలు దిద్దాం. నంద్యాల బడి పిల్లలు ఫరవాలేదు. తర్వాత ఆళ్లగడ్డ పిల్లల కాగితాలు తీశాం. ప్రతి కాగితంలోనూ సగం లెక్కలు ఖాళీ. చేసినవి చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. మిగతావి ముట్టుకోలేదు. ఒక అమ్మాయి కాగితం మీద పేరు తప్ప ఏమీ లేదు.

"చదువు ఉంది, చేసే చొరవ లేదు," అన్నారాయన. మార్కులను పోల్చడానికి ఆయన గీసుకున్న పటంలో ఆ దేశాల పిల్లలు పైన ఉన్నారు, నంద్యాల వాళ్లు కొంచెం కింద, ఆళ్లగడ్డ వాళ్లు ఇంకా చాలా కింద. సగానికి పైన వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుకు ఇదే చూపించాలి. నేను అక్కకు కబురు చేశాను.

శనివారం ఒంటిపూట బడి. అక్క మధ్యాహ్నపు బస్సులో నంద్యాల వచ్చింది. లెక్చరరు గారు దిగిన గది రైలు స్టేషను దగ్గర. వెళ్లగానే ఆమె కాగితాలు చూస్తానంది. ఆయన ఇచ్చారు. ఆమె నిలబడే ఒకటి చూసింది, ఇంకొకటి చూసింది. తర్వాత చాప మీద కూర్చుని కట్టంతా విప్పి, రెండేసి కాగితాలు పక్కపక్కన పరవడం మొదలుపెట్టింది. పరుస్తూ పరుస్తూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏమయిందమ్మా?" అన్నారు లెక్చరరు గారు.

"ఈ ఇద్దరిదీ ఒక పలక సార్. వీనిదీ, వానిదీ ఒక పలక. చూడండి. ఒకడు ఒకటో లెక్క, మూడో లెక్క, అయిదో లెక్క చేసినాడు. వీని జత రెండు, నాలుగు, ఆరు చేసినాడు. యాడన్నా ఒక్క లెక్క ఇద్దరూ చేసినారేమో చూపియ్యండి."

ఆయన వంగి చూశారు. నేనూ చూశాను. ఆ ఖాళీ కాగితం అమ్మాయి తప్ప అందరూ అంతే.

అక్క చెప్పింది. బడిలో పలకలు చాలవు. మార్కాపురం పలకలు మంచివే గాని, నాపరాతి మీద పడితే పగులుతాయి. పగిలితే ఇంట్లో మళ్లీ కొనివ్వరు. అందుకని ఆమె ఇద్దరికొక పలక ఏర్పాటు చేసింది. ఒక లెక్కకు ఒకరు చెయ్యి, ఇంకొకరు కన్ను. చెయ్యి అయినవాడు లెక్క చేస్తాడు. కన్ను అయినవాడు బలపం ముట్టకూడదు, నోటితో జవాబు చెప్పకూడదు. తప్పు కనబడితే మాత్రం "ఆగు" అనాలి. అనకపోతే తప్పు ఇద్దరిదీ. తర్వాతి లెక్కకు పలక చేతులు మారుతుంది. కుడివైపు కూర్చున్నవాడు మొదలుపెట్టాలి. ఒకటో తరగతి నుంచి ఆ పిల్లలకు అదే అలవాటు. ఒకే మనిషి వరసగా రెండు లెక్కలు చేయడం వాళ్లు చూడలేదు. పక్కవాడి వంతు లాక్కోవడం ఆ బడిలో తప్పు.

"పక్కకు చూశారు కదా మరి?"

"కన్ను సార్ వాడు! చూడకుంటే నేను చెవి పిండుతా. మీరేమో చూసినందుకు మూలకు తోలితిరి."

లెక్చరరు గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. చాలాసేపు నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఇక అంతా అయిపోయిందనుకుని, "జతకు జత కలిపి మార్కులు వెయ్యండి సార్. మీ పటంలో నంద్యాలోళ్ల పైకి పోతారు," అంది.

"వెయ్యనమ్మా," అన్నారాయన.

అక్క తలెత్తి చూసింది.

"ఇద్దరూ కలిస్తే అన్ని లెక్కలూ వస్తాయని ఈ కాగితాలు చెబుతున్నాయి. ఒప్పుకుంటాను. కానీ మొదటి పిల్లవాడికి రెండో లెక్క వచ్చునా? రెండో వాడికి మొదటిది వచ్చునా? నాకు తెలియదు. మీకు తెలుసా?"

"నా పిల్లోళ్లు నాకు తెల్సు సార్."

"ఒక్కొక్కరుగా తెలుసా?"

అక్క పరిచిన కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "ఇట్లాంటిది ఇంకో కాగితం ఉందా సార్?"

"ఉంది. అంతే కష్టమైనది, అంకెలు వేరు."

"సోమవారం రాండి. ఈ తూరి పిల్లోళ్లతో ముందు నేను మాట్లాడ్తా. తర్వాత బయటికే పోతా."

"వస్తాను. కానీ మొదటి మార్కులు దాచను. ఇన్‌స్పెక్టరుకు రెండూ చూపిస్తాను."

"దాచొద్దు," అంది అక్క. "నేనేమన్నా దాచమంటినా?"

బస్సు స్టాండుకు నడుస్తున్నప్పుడు ఆమె అంది: "ఆయప్ప మంచోడే. అడిగిన మాట మటుకు ముల్లు మాదిరి దిగింది."

"కలిపి మార్కులు వేసి ఉంటే పని అయిపోయేది కదక్కా."

"పని అయితాది. పిల్లోళ్లు ఫస్టు ఫారంకు పోయినాక? ఆడ ఇద్దరికొక పలక ఇస్తారా?"

సోమవారం ఆమె పిల్లలతో మాట్లాడినప్పుడు నేను వాకిట్లో ఉన్నాను.

"వినండి. ఈ పొద్దు కన్ను ల్యా. అందరూ చెయ్యే. అన్ని లెక్కలూ అందరూ చెయ్యాల."

"మరి తప్పు చేస్తే ఎవరు చెప్తారు టీచరమ్మా?" అని ఒకడు అడిగాడు.

"ఎవరూ చెప్పరు."

"తప్పు అట్లనే ఉంటాదా?"

"అట్లనే ఉంటాది. ఉండనీ. నీ తప్పు నువ్వు చెయ్యి, వాని తప్పు వాడు చేస్తాడు."

పిల్లలకు అది వింతగా ఉంది. నవ్వుకుంటూ లోపలికి పోయారు. ఈసారి లెక్చరరు గారి గొంతు ఒక్కసారి కూడా లేవలేదు.

కాగితాలు అక్కడే, వసారాలోనే దిద్దారు. అక్కను పక్కన కూర్చోమన్నారు. చాలామంది సగం దాటారు. కొందరు నంద్యాల పిల్లలతో సమానంగా చేశారు. కొందరు ఎప్పుడూ జతవాడు చేసే రకం లెక్కల దగ్గర ఆగిపోయారు. అలాంటి కాగితం వచ్చినప్పుడల్లా అక్క పేరు చూసి, పక్కన పెట్టుకుని, మళ్లీ చూసింది. రొట్టె లెక్క దాదాపు ఎవరికీ రాలేదు. ఒకడు మాత్రం పెద్ద ముక్క ఎవరికని కింద రాశాడు.

ఆ అమ్మాయి కాగితం ఈసారి కూడా ఖాళీ. రాయి చెక్కే వాళ్ల పిల్ల. తలుపు పక్కన, బాగా చదువుతాడని పేరున్న ఒక రైతు కొడుకుతో కలిసి కూర్చునేది. వాడికి ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. అక్క ఇద్దరినీ పిలిచింది.

"ఏందిమే ఇది? పొద్దున చెప్తినే, అందరూ చెయ్యి అని."

"నేను కన్ను టీచరమ్మా."

"నీ వంతు వచ్చినప్పుడు?"

"నా వంతు కూడా వాడే చేస్తాడు."

"దీనికి బేగా రాదు టీచరమ్మా," అన్నాడు వాడు. "నాకు పొద్దుపోదు. అందుకని నేనే చేస్తాండా. మొదటిసారి దాని కాగితం నాకు ఇయ్యలేదు, లేకుంటే దాని వంతు లెక్కలూ చేసేటోన్ని."

వాడు పొగరుతో అనలేదు. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. ఎన్నాళ్ల నుంచి అని అక్క అడిగింది. ఇద్దరికీ గుర్తులేదు.

లెక్చరరు గారు ఒక పలక తీసుకున్నారు. దాని మీద ఒక గుణకారం చేసి, మధ్యలో ఒక అంకె తప్పు వేసి ఆ అమ్మాయికి ఇచ్చారు. ఆమె తీసుకుని చూసి, తప్పు వేసిన చోట వేలు పెట్టింది. ఆయన తుడిచి భాగహారం చేసిచ్చారు. దాంట్లోనూ తప్పు చూపించింది. మూడోది సరిగ్గా చేసి ఇచ్చారు. ఆమె ఎక్కువసేపు చూసింది. "దీంట్లో ఏం ల్యా సార్," అని తిరిగి ఇచ్చింది.

"ఇప్పుడు నువ్వు ఒకటి చెయ్యమ్మా," అని పలక, బలపం ఆమె ముందు పెట్టారు. ఆమె బలపం పట్టుకుని అలాగే కూర్చుంది. మొదటి అంకె వేయలేకపోయింది.

ఆయన తన పటం వైపు చూసుకున్నారు. "దీనికి నా దగ్గర గడి లేదమ్మా. ఆ దేశాల వాళ్ల దగ్గరా ఉండదు. ఈ పిల్లకు నేను సున్నా వేయాలి. వేసి, పక్కన ఈ సంగతి రాస్తాను."

"సున్నా వెయ్యండి సార్," అంది అక్క. "అది నాకు పడాల్సిన సున్నా."

ఆమె గొంతులో బాధ లేదు. కొలిచిన తర్వాత బియ్యం తక్కువ వచ్చిందని తెలిసిన మనిషి, ఎంత తక్కువో తెలిసింది కదా అని ఊరట పడినట్టు ఉంది.

డిప్యూటీ ఇన్‌స్పెక్టరు నెల తర్వాత వచ్చాడు. రెండు పరీక్షల మార్కులూ ఆయన ముందు పెట్టారు. ఆయన ముందు మొదటివి చూసి పెదవి విరిచాడు, తర్వాత రెండోవి చూశాడు.

"ఒక్క వారంలో ఇంత చదువు యాడ నుంచి వచ్చెనమ్మా?"

"చదువు రాలేదు సార్. చేతులు వచ్చినాయి," అంది అక్క. జరిగింది చెప్పింది. ఆ అమ్మాయి సంగతి కూడా చెప్పింది. చెప్పవలసిన పని లేదు, ఆయన అడగలేదు. ఆయన విని, తరగతిలోకి పోయి, నలుగురు పిల్లలను ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి లెక్కలు చేయించాడు. పోయేముందు, "రాస్తా. మనిషికో పలక ఉండాల. మళ్లా వచ్చినప్పుడు చూస్తా," అన్నాడు. వేసవి సెలవులకు ముందు ఉత్తర్వు వచ్చింది. అయిదో తరగతి నిలిచింది.

పలకల సంగతి ఇన్‌స్పెక్టరు చెప్పకముందే అక్క మొదలుపెట్టింది. చర్చిలో అడిగింది, రైతుల ఇళ్లకు పోయి అడిగింది. కొన్ని కొత్త పలకలు మార్కాపురం నుంచి గడ్డిలో చుట్టి వచ్చాయి. మిగతావి పగిలిన పలకల ముక్కలు. రాయి చెక్కేవాళ్లు వాటి అంచులు చేతికి గీసుకోకుండా అరగదీసి ఇచ్చారు. పిల్లలకు ఆ ముక్కలే ఎక్కువ నచ్చాయి, ఒకదానిలా ఒకటి ఉండదు కాబట్టి.

ఆ అమ్మాయిని అక్క రోజూ మధ్యాహ్నం వేరుగా కూర్చోబెట్టుకుంది. ముందు సగం చేసిన లెక్కలు ఇచ్చి పూర్తి చేయమంది. తర్వాత ఒక్క వరస మాత్రం చేసిచ్చింది. తర్వాత ఏమీ చేయకుండా ఇచ్చింది. ఆ పిల్ల మరుసటి ఏడు అయిదు పాసయి ఫస్టు ఫారంలో చేరింది. గొప్ప మార్కులేమీ కావు. ఆ బడిలో అయిదో తరగతి లేకపోతే నాలుగు పాసై పత్తి చేలోకి పోయేది.

లెక్చరరు గారు తమ పటం పూర్తి చేసి మాకు చూపించారు. మొదటిసారి ఎవరికి వాళ్లు అన్నీ చేయలేదు కాబట్టి రెండో పరీక్ష మార్కులే అందులో చేరాయి. కూడికల్లో, గుణకారాల్లో మన పిల్లలు ఆ దేశాల పిల్లలకు తీసిపోలేదు. చదివి అర్థం చేసుకుని చేయవలసిన లెక్కల్లో వెనకబడ్డారు. ఆ మాట నిజం. అక్క కూడా నిజమేనంది. అప్పటి నుంచి ఆమె లెక్కలు నోటితో చెప్పడం తగ్గించి, బోర్డు మీద రాసి చదివించడం మొదలుపెట్టింది. ఆయన ఆ అమ్మాయి గురించి రాసుకున్న నాలుగు మాటలు పటంలో లేవు. పటంలో వాటికి చోటు లేదని ఆయన ముందే చెప్పారు.

తర్వాతి కాలంలో నేను చాలా పరీక్షలు పెట్టాను, చాలా మార్కులు చూశాను. దేశాల పక్కన దేశాలను పెట్టి పిల్లల చదువు కొలిచే పట్టికలు ఇప్పుడు పత్రికల్లోనూ వస్తాయి. వాటిని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కొలవకపోతే ఆ అమ్మాయి చేతిలోకి బలపం వచ్చేది కాదు. ఆమెను రోజూ చూస్తున్న మా అక్కకు తెలియని సంగతి, ఆమెను ఎన్నడూ చూడని దూరదేశపు కాగితం బయటపెట్టింది. తప్పు పట్టే కన్ను ఆమెకు ఉందన్నది మాత్రం ఆ కాగితం కొలవలేదు. ఈ రెండూ నిజమే. అక్క రెండింటినీ ఒప్పుకుంది.

మనిషికో పలక వచ్చాక కూడా ఆమె కన్నును పూర్తిగా వదల్లేదు. సాయంత్రం గంట కొట్టేముందు, చేసిన లెక్క తుడవకుండా పలకలు పక్కవాళ్లకు ఇప్పించేది. చూసి, తప్పుంటే "ఆగు" అనాలి. రిటైరయ్యే దాకా అలాగే చేయించింది. ఆమె తర్వాత వచ్చిన టీచరు దాన్ని ఆపేశాడు. ఇప్పుడు పక్కవాడి లెక్క చూడడాన్ని అన్ని బడుల్లోనూ కాపీ అంటారు. చూసి తప్పెక్కడుందో చెప్పమని ఏ బడిలోనూ పిల్లలను అడగడం లేదు.